చేతిలో బండి నంబరు ఒక్కటే ఉంటే: ఎంపరివాహన్ యాప్‌పై సమీక్ష

రోడ్డు మీద ఎవరో దాడి చేసి వాహనమెక్కి వెళ్లిపోతే, అక్కడ మిగిలేది దెబ్బలు తిన్న మనిషి, చూసిన నలుగురు, వాళ్లకు సగం సగం గుర్తున్న ఒక నంబరు. ఆ నంబరును పట్టుకుని యజమాని దాకా వెళ్లాలనుకునేవారిలో ఎక్కువమంది ముందుగా తెరిచేది ఎంపరివాహన్ యాప్‌నే. కేంద్ర రోడ్డు రవాణా, జాతీయ రహదారుల శాఖ కోసం జాతీయ సమాచార కేంద్రం తయారు చేసిన ఈ యాప్ 2017 నుంచి వాడుకలో ఉంది. లైసెన్సునూ ఆర్సీనీ ఫోనులోనే చూపించుకోవడానికి అది బాగా పనికొస్తుందని చాలామందికి తెలుసు కాబట్టి ఆ సంగతి ఇక్కడ రాయను. దాడి జరిగిన తరువాత బాధితుడికి, అతని కుటుంబానికి అది ఎంతవరకు సాయపడుతుందన్న ఒక్క కోణంలోనే ఈ సమీక్ష. నా అభిప్రాయం ముందే చెబుతాను: యజమానిని వెతికిపెట్టే సాధనంగా అది పనికిరాదు, పనికిరాకూడదు కూడా. సాక్షి చెప్పిన నంబరు నిజంగా ఆ వాహనానిదేనా అని తేల్చుకోవడానికి మాత్రం సామాన్యుడికి అంతకంటే మంచి సాధనం లేదు.

మాకు ఆ అవసరం ఎలా వచ్చిందో క్లుప్తంగా చెబుతాను. హైదరాబాద్–విజయవాడ మధ్య 65వ నంబరు జాతీయ రహదారి మీద, నకిరేకల్ దాటి సూర్యాపేట వైపు వెళ్లే దారిలో, మా మేనల్లుడి మోటారు సైకిలును ఒక సరుకుల వాహనం పక్కనుంచి రాసుకుంటూ వెళ్లింది. ఇదేమిటని అడిగినందుకు వాహనాన్ని అతనికి అడ్డంగా నిలిపి, అందులోంచి దిగిన ఇద్దరు మనుషులు కొట్టి వెళ్లిపోయారు. పొద్దు వాలుతున్న వేళ. చుట్టుపక్కల ఉన్నవి ఒక టీ కొట్టు, దాన్ని ఆనుకుని ఒక పంక్చర్ షాపు, కాస్త అవతల ఒక పెట్రోలు బంకు. మా వాడికి నంబరులోని చివరి రెండు అంకెలే గుర్తున్నాయి. టీ కొట్టాయన పూర్తి నంబరు చెప్పాడు గానీ మధ్యలోని అక్షరం దగ్గర తడబడ్డాడు. పంక్చర్ షాపు కుర్రాడు చెప్పిన నంబరు మరొకటి. ఒకరు అది బొలెరో పికప్ అంటే ఇంకొకరు టాటా ఏస్ అన్నారు. ఇలాంటి చోట యాప్‌ను దేనికి వాడాలి, దేనికి వాడకూడదు అన్నది తెలిసి ఉండటం అవసరం.

మొబైల్ నంబరుతో నమోదై, ఓటీపీ ఇచ్చి లోపలికి వెళ్లిన తరువాత ఆర్సీ విభాగంలో వాహనం నంబరు కొడితే, అది ఏ రవాణా కార్యాలయంలో, ఏ తేదీన రిజిస్టరయింది, ఏ తరగతి వాహనం, తయారు చేసిన కంపెనీ, మోడల్, ఇంధనం ఏమిటి, ఫిట్‌నెస్, బీమా, కాలుష్య ధ్రువపత్రం గడువులు ఎప్పటివరకు ఉన్నాయన్న వివరాలు వస్తాయి. యజమాని పేరు మాత్రం మధ్యమధ్య అక్షరాలకు బదులు నక్షత్ర గుర్తులతో కనిపిస్తుంది. చిరునామా గానీ ఫోను నంబరు గానీ ఉండవు. యాప్ లేనివారు పరివాహన్ వెబ్‌సైటులో వాహన వివరాలు తెలుసుకునే విభాగంలో ఇవే సంగతులు చూడవచ్చు, అక్కడ కూడా మొబైల్ నంబరుతోనే లోపలికి వెళ్లాలి. నంబరు మొత్తం ఇస్తేనే ఫలితం వస్తుంది. చివరి రెండు అంకెలు ఇచ్చి, తెల్లని పికప్ అని చెప్పి వెతకడానికి వీలులేదు.

పేరు దాచడం మీద చాలామందికి కోపం ఉంది. యాప్ వచ్చిన కొత్తలో పూర్తి పేరు కనిపించేదని, ఇప్పుడు నేరస్థులను కాపాడటానికే దాన్ని దాచారని అంటారు. నేను ఆ మాటతో ఏకీభవించను. మా మేనల్లుడి విషయమే తీసుకుంటే, అతన్ని కొట్టినవాళ్లు కూడా అతని మోటారు సైకిలు నంబరు చూసే ఉంటారు. వాళ్ల పేరు, ఇల్లు మాకు ఒక్క నిమిషంలో తెలిసేటట్లయితే మా పేరు, ఇల్లు వాళ్లకూ అంతే సులభంగా తెలుస్తాయి, కేసు వెనక్కి తీసుకోమని వాళ్లు మా గుమ్మంలోకి వచ్చే రోజు కూడా అంతే దగ్గరవుతుంది. సాక్షిగా ముందుకొచ్చిన టీ కొట్టాయనకూ ఒక స్కూటరు ఉంది, దానికీ ఒక నంబరు ఉంది. ఒంటరిగా బండి నడిపే ఆడపిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు. అందువల్ల పేరు దాచినందుకు నేను మార్కులు తగ్గించను.

ఇక అసలు ఉపయోగం దగ్గరికి వద్దాం. మనిషి జ్ఞాపకం నంబరును ఉన్నదున్నట్లు పట్టుకోదు. 3ను 8గా, 8ని బి అక్షరంగా, 1ని 7గా, వీ అక్షరాన్ని వై అక్షరంగా గుర్తుంచుకోవడం సాధారణం. అయితే మన నంబరు ప్లేటుకు ఒక పద్ధతి ఉంది, ఆ పద్ధతి తెలిస్తే సగం తప్పులు యాప్ తెరవకముందే దొరుకుతాయి. సిరీస్ అక్షరాల్లో, అంటే నంబరు మధ్యలో అంకెల నడుమ వచ్చే అక్షరాల్లో, ఐ, ఓ అక్షరాలను వాడరు, ఎందుకంటే అవి ఒకటి, సున్నా అంకెలతో కలిసిపోతాయి. కాబట్టి సాక్షి మధ్యలో ఓ ఉందని చెబితే అది క్యూ గానీ డీ గానీ అయి ఉండవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల్లో రవాణా వాహనాలకు, అంటే అద్దెకు తిరిగే కార్లకు, సరుకుల బండ్లకు టీ నుంచి వై దాకా ఉన్న అక్షరాలతో మొదలయ్యే సిరీస్‌లు ఇస్తారు, ఆర్టీసీ బస్సులకు జెడ్, పోలీసు వాహనాలకు పీ కేటాయించారు. టీ కొట్టాయన చెప్పిన అక్షరం యూ అనుకుంటే అది సరుకుల బండికి సరిపోతుంది, జే అనుకుంటే సరిపోదు. ప్లేటు పసుపు రంగులో ఉందా, తెలుపు రంగులో ఉందా అని అడిగితే దాన్నే మరో దారిలో సరిచూసుకున్నట్లవుతుంది. పసుపు మీద నల్ల అక్షరాలంటే రవాణా వాహనం, తెలుపు మీద నల్ల అక్షరాలంటే సొంత వాహనం, ఆకుపచ్చ ప్లేటు అంటే విద్యుత్ వాహనం. నంబరు గుర్తులేని సాక్షికి కూడా రంగు గుర్తుంటుంది.

తెలంగాణ నంబరయితే మొదటి రెండు అంకెలు కూడా చాలా సంగతి చెబుతాయి. 05 అంటే నల్లగొండ, 29 అంటే సూర్యాపేట, 30 అంటే యాదాద్రి, 04 అంటే ఖమ్మం, 07 అంటే రంగారెడ్డి. 2014 నుంచి 2024 మార్చి దాకా రిజిస్టరైన వాహనాలకు టీఎస్, ఆ తరువాతి వాటికి టీజీ ఉంటుంది కాబట్టి ఆ రెండక్షరాలను బట్టి వాహనం వయసు కూడా కొంత తెలుస్తుంది. ఈ రహదారి మీద సగం వాహనాలు ఆంధ్రప్రదేశ్‌వి, అక్కడ ఈ సౌకర్యం లేదు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ 39 అనే ఒకే కోడ్ పెట్టారు కాబట్టి శ్రీకాకుళంలో కొన్న బండికీ, అనంతపురంలో కొన్న బండికీ ఒకే మొదలు ఉంటుంది. అలాంటి నంబరుకు ఏ కార్యాలయంలో రిజిస్టరైందో తెలియాలంటే ఎంపరివాహన్‌లో చూడవలసిందే. నాకు ఈ యాప్ విలువ బాగా అర్థమైంది అక్కడే.

మేము చేసిన పని ఇది. ఇద్దరు సాక్షులు చెప్పిన నంబర్లను, తడబాటు ఉన్నచోట రాగల ప్రత్యామ్నాయాలతో సహా ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కటే యాప్‌లో చూశాం. ఒకటి స్కూటరు, ఇంకొకటి ట్రాక్టరు ట్రయిలరు, మరొకటి డీజిల్ కారు అని తేలాక, సరుకుల వాహనం తరగతిలో, పికప్ మోడల్‌తో సరిపోయినది ఒక్కటే మిగిలింది. అందులో చివరి రెండు అంకెలు మా మేనల్లుడు చెప్పినవే. ముగ్గురి జ్ఞాపకాల్లో ఏ ఒక్కటీ పూర్తిగా సరైనది కాదు గానీ మూడింటినీ ఒకదాని మీద ఒకటి పెడితే ఒకే వాహనం తేలింది. పేరు ముక్కలుగానే కనిపించింది, మాకు దాంతో పని పడలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. సాక్షులందరూ పికప్ అంటున్నా, నంబరు చూస్తే స్కూటరని వస్తే, నంబరు తప్పుగా గుర్తుండి ఉండవచ్చు, లేదా ఆ ప్లేటే దొంగది కావచ్చు. 2019 ఏప్రిల్ 1 తరువాత తయారైన వాహనాలకు హై సెక్యూరిటీ ప్లేటు తప్పనిసరి. అశోక చక్రం ఉన్న హోలోగ్రామ్, లేజరుతో చెక్కిన గుర్తింపు సంఖ్య, ఒకసారి బిగిస్తే మళ్లీ వాడలేని లాక్ దానికి ఉంటాయి. మామూలుగా రంగుతో రాయించిన ప్లేటు కొత్త మోడల్ వాహనానికి కనిపించిందని సాక్షి చెబితే ఆ మాటను ఫిర్యాదులో తప్పక రాయాలి.

యాప్‌కు ఉన్న పెద్ద పరిమితి తెలంగాణ పాఠకులకు తెలిసి ఉండాలి. వాహనాల రిజిస్ట్రేషన్ వివరాలను ఈ యాప్‌కు అందించేది కేంద్రం నడిపే వాహన్ వ్యవస్థ. దేశంలో ఎక్కువ రాష్ట్రాలు అందులో చేరినా, తెలంగాణ రవాణా శాఖ చాలా ఏళ్లు సొంత వ్యవస్థనే నడుపుకుంది. దేశంలో వాహనాల అమ్మకాల లెక్కలు ప్రకటించేటప్పుడు తెలంగాణను మినహాయించి అని కింద రాస్తూ రావడం అందుకే. కాబట్టి టీఎస్ నంబరుకు వివరాలు రాకపోయినా, అరకొరగా వచ్చినా ఆ వాహనమే లేదని అనుకోకూడదు, రాష్ట్ర రవాణా శాఖ వెబ్‌సైటులోని వాహనాల విభాగంలో కూడా చూడాలి.

తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ వెబ్‌సైటు మరో విచిత్రం. నంబరు కొడితే పెండింగులో ఉన్న చలాన్లు, వాటి తేదీలు, చోటు, చాలాసార్లు వాహనం ఫొటో కూడా అక్కడ కనిపించడం చాలాకాలంగా వాహనదారులకు తెలిసిందే. ఎంపరివాహన్ ఇవ్వని రంగు, ఆకారం ఆ ఫొటోలో దొరుకుతాయి. పేరును నక్షత్రాల వెనక దాచిన ప్రభుత్వ వ్యవస్థలోనే, ఆ వాహనం ఏ రోజు ఏ కూడలిలో ఉందో మరో కిటికీ నుంచి తెలిసిపోవడం నాకు సమంజసంగా అనిపించదు. మన అవసరానికి పనికొచ్చిందని దాన్ని మెచ్చుకోలేను. ఆ కూడలికి వెళ్లి వాహనం కోసం కాపు కాయాలనే ఆలోచన కుర్రవాళ్లకు వస్తుంది, ఇంట్లోని పెద్దవాళ్లు దాన్ని అక్కడే ఆపాలి.

ప్రైవేటు యాప్‌ల గురించి ఎక్కువ రాయవలసిన పని లేదు. యజమాని పేరు, చిరునామా చెబుతామని ప్రకటించే యాప్‌లు, వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని మా బంధువొకరు దించుకున్నారు. అది ఫోనులోని కాంటాక్టుల అనుమతి అడిగింది, ప్రకటనలు చూపించింది, ఆ తరువాత వాహన బీమా అమ్మేవారి ఫోన్లు మొదలయ్యాయి. అది చూపించిన వివరాల్లో ఎంపరివాహన్‌లో లేనిది ఒక్కటీ లేదు. కొంత డబ్బు కడితే చిరునామా కూడా ఇస్తామనేవారు దొరికితే, ఆ సమాచారం ఎక్కడో దొంగిలించినదని అర్థం చేసుకోవాలి. అలా సంపాదించిన చిరునామాతో మనం ఆ ఇంటి ముందు నిలబడితే కేసులో ఫిర్యాదుదారు స్థానం నుంచి నిందితుడి స్థానంలోకి మారడానికి ఎంతోసేపు పట్టదు.

సాక్షులను వెతకడంలో ఏ యాప్ సాయపడదు, అది కాళ్లతో చేయవలసిన పని. సంఘటన జరిగిన వేళకే, వారంలో అదే రోజున, అదే చోటికి వెళ్లి నిలబడితే అప్పుడు అక్కడ ఉన్నవాళ్లలో కొందరు మళ్లీ కనిపిస్తారు, ఎందుకంటే రోడ్డు మీద తిరిగేవారిలో చాలామందికి రోజువారీ వేళలు ఉంటాయి. పాల వ్యాను నడిపేవారు, కాలేజీ బస్సు డ్రైవరు, కూలి పనుల నుంచి ఆటోలో తిరిగి వెళ్లే ఆడవాళ్లు, పెట్రోలు బంకులో ఆ షిఫ్టు చేసినవారు అలాంటివారే. ఆర్టీసీ బస్సు అటుగా వెళ్లిందని తెలిస్తే, ఏ డిపో బస్సో కనుక్కుని, ఆ సర్వీసులో ఆ రోజు డ్యూటీ చేసిన డ్రైవరు, కండక్టరు ఎవరో డిపో మేనేజరును అడగవచ్చు. బస్సులో ఎత్తులో కూర్చున్నవారికి, రోడ్డు మీద నిలబడినవారికి కనిపించనిది కూడా కనిపిస్తుంది. టీ కొట్టు దగ్గర సాక్షులు కావాలని ఒక కాగితం అంటించడం మంచిదే.

అయితే ఆ కాగితం మీద తేదీ, సమయం, చోటు, సంప్రదించవలసిన నంబరు తప్ప మరేమీ రాయకూడదు. యాప్‌లో తేల్చుకున్న వాహనం నంబరును ఎంత మాత్రం రాయకూడదు. ఆ నంబరును గోడ మీద చదివిన మనిషి రేపు పోలీసుల ముందు అదే నంబరు చెబుతాడు, నిజంగా చూసి చెప్పాడో చదివి చెప్పాడో అతనికే తెలియదు. కోర్టులో అవతలి న్యాయవాది అడిగే మొదటి ప్రశ్న దాని గురించే ఉంటుంది. సాక్షులతో మాట్లాడేటప్పుడు కూడా ఒకరు చెప్పినది ఇంకొకరికి చెప్పకుండా, ఎవరి మాటను వారి మాటల్లోనే రాసుకోవాలి. ఫేస్‌బుక్‌లో ఎవరి ఫొటోనో వెతికి పట్టుకుని వీళ్లేనా కొట్టింది అని సాక్షికి చూపించడం అంతకంటే చేటు, ఎందుకంటే పోలీసులు తరువాత జరిపించే గుర్తింపు కవాతుకు, అంటే నిందితుడిని పలువురి మధ్య నిలబెట్టి సాక్షిని గుర్తుపట్టమనే ప్రక్రియకు, అప్పుడు విలువ ఉండదు. నంబరును సామాజిక మాధ్యమాల్లో పెట్టి ఈ వాహనం ఎక్కడ కనిపించినా చెప్పండి అని అడగడానికి కూడా నేను వ్యతిరేకిని. ఒక్క అంకె తప్పయితే ఏ పాపం ఎరుగని మనిషి బండి అద్దాలు పగులుతాయి.

యాప్‌లో తేలిన నంబరు చేరవలసిన చోటు పోలీసు ఫిర్యాదు. ఆ ఫిర్యాదు ఎలా రాస్తారన్న దాని మీద మిగిలిన పని ఎంత జరుగుతుందన్నది ఆధారపడుతుంది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో చేత్తో కొట్టి మామూలు గాయం చేయడం 115వ సెక్షన్ రెండో ఉపసెక్షన్ కిందికి వస్తుంది. అది పోలీసులు మేజిస్ట్రేటు ఆదేశం లేకుండా దర్యాప్తు చేయలేని నేరాల్లో ఒకటి. ఫిర్యాదులో కొట్టారు అన్న ఒక్క మాటే ఉంటే, స్టేషనులో దాన్ని ఒక పుస్తకంలో రాసుకుని కోర్టుకు వెళ్లమని చెప్పడానికి చట్టమే వీలు కల్పిస్తోంది. మాకూ మొదట అలాగే చెప్పారు. వాహనాన్ని అడ్డంగా పెట్టి కదలనివ్వకుండా నిలిపివేయడం 126వ సెక్షన్ కింద అక్రమ నిరోధం. దానికి శిక్ష చిన్నదే, నెల దాకా జైలు లేదా అయిదు వేల రూపాయల దాకా జరిమానా లేదా రెండూ, కానీ పోలీసులు నేరుగా దర్యాప్తు చేయగల నేరం. రెండు నేరాల్లో ఒకటి అలాంటిదైతే కేసు మొత్తాన్నీ అలాంటిదిగానే చూడాలని దర్యాప్తు, విచారణ పద్ధతులు చెప్పే చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 174వ సెక్షన్ చెబుతోంది. తరువాత ఎక్స్‌రేలో మణికట్టు ఎముక చిట్లిందని తేలింది, ఎముక విరిగినా చిట్లినా అది తీవ్ర గాయమే, న్యాయ సంహిత 117వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా శిక్ష ఉంటుంది. దెబ్బలు పైకి చిన్నవిగా కనిపించినా ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్య నివేదిక రాయించుకోవడం అందుకే అవసరం.

ఫిర్యాదులో నంబరు రాసేటప్పుడు మేము ఒకటే నంబరును ఖాయంగా రాయలేదు. సాక్షులు చెప్పిన నంబర్లు ఇవి, ఎంపరివాహన్‌లో సరిచూస్తే సరుకుల వాహనంగా సరిపోయినది ఇది అని, చూసిన తేదీతో సహా రాసి, తెర ఫొటో జతచేశాం. అంత వివరంగా ఉన్న కాగితాన్ని పక్కన పెట్టడం ఎవరికైనా కష్టమే. సంఘటన ఏ స్టేషను పరిధిలో జరిగినా ఏ స్టేషనైనా ఫిర్యాదు తీసుకోవాలని నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్‌లో ఉంది, ఎఫ్ఐఆర్ ప్రతిని ఉచితంగా ఇవ్వాలని కూడా ఉంది. తిరస్కరిస్తే జిల్లా ఎస్పీకి రాతపూర్వకంగా పంపవచ్చు, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు.

సీసీ కెమెరాల విషయంలో ఆలస్యం పనికిరాదు. చిన్న దుకాణాల్లోని రికార్డరు డిస్కు నిండిన కొద్దీ పాతదాన్ని చెరిపేస్తూ పోతుంది. వందమంది లేదా అంతకంటే ఎక్కువ మంది గుమికూడే సంస్థలు కెమెరాలు పెట్టి దృశ్యాలను 30 రోజులు దాచాలని 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన ప్రజా భద్రత చట్టం చెబుతోంది గానీ పంక్చర్ షాపు దాని కిందికి రాదు. కాబట్టి మనకు దృశ్యాలు ఇవ్వకపోయినా సరే, ఫలానా తేదీ, ఫలానా సమయం దృశ్యాలను చెరపకుండా ఉంచమని బంకు యజమానికి, టోల్ ప్లాజా మేనేజరుకు ముందే ఒక లేఖ ఇచ్చి ముద్ర వేయించుకోవాలి. టోల్ ప్లాజాలు ఈ రహదారి మీద పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, కీసర దగ్గర ఉన్నాయి. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయినందువల్ల ప్రతి సరుకుల వాహనం ఏ సమయంలో ఏ లేను దాటిందో నమోదవుతుంది. ఆ వివరాలను టోల్ సిబ్బంది మనకు ఇవ్వరు, ఇవ్వనక్కర్లేదు. దర్యాప్తు అధికారి నాగరిక్ సురక్షా సంహిత 94వ సెక్షన్ కింద రాసి అడిగితే ఇవ్వవలసిందే. కెమెరా దృశ్యాలు కోర్టులో నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి, దాని మీద రికార్డరు ఎవరి చేతిలో ఉందో వారితో పాటు ఒక నిపుణుడూ సంతకం చేయాలి. దృశ్యాలను తెర మీద ఆడించి ఫోనుతో తీసుకున్న వీడియో మన ధైర్యానికి పనికొస్తుంది తప్ప రుజువుగా బలహీనమే.

సాక్షులు వెనకాడేది కోర్టు తేదీల భయంతో కంటే స్టేషనుకు పోవాలన్న జంకుతోనే ఎక్కువ. వాళ్లకు ఒక మాట చెప్పాలి: నాగరిక్ సురక్షా సంహిత 179వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లను, పదిహేనేళ్ల లోపు పిల్లలను, అరవై ఏళ్లు దాటినవారిని, తీవ్రమైన అనారోగ్యం ఉన్నవారిని సాక్ష్యం కోసం స్టేషనుకు రమ్మనకూడదు, పోలీసులే వారి ఇంటికి రావాలి. టీ కొట్టాయన వయసు అరవై దాటింది. ఈ సంగతి తెలిసిన తరువాతే ఆయన పేరు రాసుకోవడానికి ఒప్పుకున్నాడు.

యజమానిని పోలీసులే కనుక్కున్నారు, వారికి రవాణా శాఖ వివరాలు నేరుగా అందుబాటులో ఉంటాయి. అయితే ఆర్సీలో పేరున్నాయన ఆ వాహనాన్ని ఎప్పుడో అమ్మేశానన్నాడు. కొన్నవాడు పేరు మార్పించుకోలేదు, అతను ఇంకొకరికి నడపడానికి ఇచ్చాడు. రాష్ట్రంలోపల అమ్మితే 14 రోజుల్లో అమ్మినవారు, 30 రోజుల్లో కొన్నవారు రవాణా కార్యాలయానికి తెలియజేయాలని మోటారు వాహనాల చట్టంలోని 50వ సెక్షన్ చెబుతున్నా, సరుకుల బండ్ల క్రయవిక్రయాల్లో దీన్ని పట్టించుకునేవారు తక్కువ. ఆర్సీలో ఎవరి పేరుంటే వారే చట్టం దృష్టిలో యజమాని అని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది ప్రమాద పరిహారం కేసు కాబట్టి, కొట్టినవాడి నేరం యజమాని నెత్తిన పడదు. కానీ ఆ తీర్పు గురించి చెప్పిన తరువాత ఆయన తాను ఎవరికి అమ్మాడో కాగితాలతో సహా చూపించాడు, అక్కడినుంచి నడిపిన మనిషి దాకా దారి దొరికింది. యాప్‌లో పూర్తి పేరు కనిపించి మేమే నేరుగా వెళ్లి ఉంటే, ఆ సాయంత్రం ఆ దారిలోనే లేని ఒక పెద్దమనిషితో గొడవపడి వచ్చేవాళ్లం.

ఎంపరివాహన్‌కు అయిదుకు మూడున్నర ఇస్తాను. నంబరు సరిచూసుకునే పనిలో పూర్తి మార్కులు ఇవ్వవచ్చు. రాష్ట్రాల వ్యవస్థల మధ్య అతుకులు సరిగా లేనందుకు ఒకటి, ఫలితాన్ని ఏ తేదీన, ఏ సమయంలో చూశామో తెలిపే ముద్రతో ఒక పేజీగా దించుకుని ఫిర్యాదుకు జతచేసుకునే వీలు లేనందుకు అర తగ్గించాను.